ముప్పై ఒక్క గుడ్ల పెట్టె

2024 జనవరి. మా కాలనీ వెనక చెరువు పూర్తిగా గడ్డకట్టింది. మేముండేది అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఫాక్స్ నదికి దగ్గర్లో. గట్టు పక్కన ఐసుకు కన్నం వేసి, మందం నాలుగంగుళాలు దాటిందని కొలుచుకున్నాకే నేనూ మా అమ్మాయీ చెరువు మీద అడుగుపెట్టాం. నా చేతిలో స్క్రూడ్రైవరు, అమ్మాయి వీపున సంచీ నిండా చిత్రిక పొట్టు.

ఒడ్డుకు పది గజాల దూరంలో, నీళ్ళలో పాతిన కర్రకు బిగించి ఉంది ఏడో నంబరు పెట్టె, బాతులు గుడ్లు పెట్టుకోవడానికని చేసిన చెక్కగూడు. అక్కడ పెట్టి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఎవరూ తెరిచినట్టు లేదు, తలుపు మేకు తుప్పుపట్టి చెక్కకు అతుక్కుపోయింది. ఊడబెరికి చూస్తే లోపల గుడ్లు. పైన కొన్ని, పొట్టులో కూరుకుపోయి కొన్ని, వాటికింద అడుగుచెక్కకు అంటుకుపోయి మరికొన్ని. అమ్మాయి చేతితొడుగులు వేసుకుని ఒక్కొక్కటే తీసి, ఐసు మీద పదేసి చొప్పున వరసలు పేర్చింది. మూడు వరసలు నిండి ఒకటి మిగిలింది. ఒక్కదానిలోంచీ పిల్ల బయటికి రాలేదు.

"ఇన్ని గుడ్లూ ఒక్క బాతే పెట్టిందా నాన్నా?"

కాదు. ఎందుకు కాదో ఆ రోజు దానికి ఐసు మీద నిలబడి సగమే చెప్పగలిగాను, చలికి మాట రాలేదు. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. ఆ పెట్టెను అక్కడ పెట్టినవాళ్ళు మంచి మనసుతోనే పెట్టారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఏటా వెళ్ళి తలుపు తీసి చూసే మనిషి లేని పెట్టె, అసలు పెట్టకపోవడం కన్నా బాతుకు ఎక్కువ చేటు చేస్తుంది. ఈ మాట అన్నందుకు నాతో మాట్లాడటం మానేసినవాళ్ళున్నారు. అయినా నా మాట అదే.

ముందు ఈ బాతు గురించి చెప్పాలి. వుడ్ డక్ అంటారు. మగదాన్ని ఒక్కసారి చూస్తే ఎవరో తీరిగ్గా కూర్చుని రంగులద్దారనిపిస్తుంది. వెనక్కి దువ్వినట్టుండే ఆకుపచ్చ జుట్టు, దానిమీద తెల్లటి గీతలు, ఎర్రటి కన్ను, ముదురు ఇటుకరంగు రొమ్ము. ఆడది బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. దాని కంటిచుట్టూ తెల్లటి వలయం ఒకటుంటుంది, కన్నీటిబొట్టు ఆకారంలో. చైనా, జపాన్ బొమ్మల్లో కనిపించే మాండరిన్ బాతు దీనికి తోబుట్టువు. ఆ ప్రజాతిలో ఇవి రెండే. చాలా బాతుల్లా ఇది గడ్డిలో గూడు కట్టదు. చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. అయితే తొర్ర తొలుచుకునే ముక్కు దానికి లేదు. కాకంత ఉండే పెద్ద వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిందో, కొమ్మ విరిగినచోట పుచ్చిపోయి ఏర్పడిందో వెతుక్కోవాలి. అలాంటి తొర్ర ఏర్పడాలంటే చెట్టు ముందు లావెక్కాలి, ఆ తర్వాత లోపల పుచ్చాలి. దశాబ్దాల పని.

పిల్లలు బయటికొచ్చే తీరు నేను రెండుసార్లు కళ్ళారా చూశాను. గుడ్లన్నీ ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. మర్నాడు పొద్దున్నే తల్లి కిందికి దిగి, నీళ్ళలోనో గడ్డిలోనో నిలబడి మెల్లగా పిలుస్తుంది. పిల్లలు వాడిగోళ్ళతో తొర్ర లోపలి గోడ పట్టుకుని పైకి పాకి, కన్నం దగ్గర ఒక్క క్షణం ఆగి దూకేస్తాయి. రెక్కలింకా రాలేదు. యాభై అడుగుల పైనుంచి దూకినా దెబ్బ తగలదు, దూదిపింజల్లా కిందపడి ఒకసారి ఎగిరి నిలబడతాయి. తల్లి ఏ సాయమూ చెయ్యదు, పిలుస్తుందంతే. ఆఖరి పిల్ల దూకేదాకా పిలుస్తూనే ఉంటుంది.

మా మొదటి పెట్టె చేసింది మా నాన్న. తెనాలి దగ్గర మా ఊళ్ళో వడ్రంగం ఆయన వృత్తి. 2018 ఫిబ్రవరిలో ఆరు నెలలకని వచ్చాడు. చలికి బయటికి వెళ్ళలేక, చేతికి పని లేక, వారం తిరిగేసరికి ఆయన ముఖంలో కళ తప్పింది. ఆ శనివారం హోమ్ డిపో అనే ఇంటిసామాన్ల దుకాణానికి తీసుకెళ్ళి, చిత్రిక పట్టని సెడార్ పలక ఒకటి కొనిపెట్టి, ఒక కాగితం మీద కొలతలు రాసి ఇచ్చాను. ఎత్తు రెండడుగులు. అడుగు లోపల పదంగుళాలకు పదంగుళాలు. కన్నం గుండ్రం కాదు, కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టు మూడంగుళాల ఎత్తు, నాలుగంగుళాల వెడల్పు. అడుగునుంచి కన్నానికి పదిహేడంగుళాలు.

ఆయన కాగితం పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు. "పిల్లలు ఎక్కాలన్నావుగా, నున్నటి చెక్క మీద ఎట్టా ఎక్కుతాయిరా?" చాలామంది కన్నం కింద లోపలివైపు ఇనుప జాలీ కొడతారని చెప్పాను. జాలీ చివర్లు గుచ్చుకుంటాయని ఆయన ఒప్పుకోలేదు. ఉలితో అడ్డంగా అరంగుళానికొక గాడి చొప్పున చెక్కాడు, నిచ్చెన మెట్లలాగా. "వానకు నీళ్ళు దిగితే?" అడుగుచెక్కకు నాలుగు మూలలా బెజ్జాలు వేశాడు. "వార్నిష్ కొట్టనా?" లోపల ఏ రంగూ పుయ్యకూడదు, పురుగు పట్టకుండా మందు పట్టించిన చెక్క వాడకూడదు. "తలుపెటు?" పక్కన. మడతబందు వేసి, చిన్న గడియ పెట్టాడు. గడియ గట్టిగా ఉందా లేదా అని పదిసార్లన్నా లాగి చూసుంటాడు.

లోపల ఏం పరచాలనే దగ్గర ఆయనకి నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. రంపపు పొట్టు పోస్తానంటే వద్దన్నాడు. అది చెమ్మ పీల్చుకుని ముద్దకడుతుంది, అందులో గుడ్డు మురుగుతుంది. చిత్రిక పొట్టు అయితే సుళ్ళు సుళ్ళుగా ఉండి గాలాడుతుంది. ఇక్కడి వన్యప్రాణి శాఖల సూచనల్లోనూ ఇదే ఉంటుంది, మూడు నాలుగంగుళాల మందం చిత్రిక పొట్టు వెయ్యమని. వుడ్ డక్ పుల్లలూ గడ్డీ తెచ్చుకోదు. తొర్రలో ఏముంటే దానిలోనే గుడ్డును పూడ్చిపెడుతుంది. తర్వాత తన రొమ్ము మీది నూగు పీకి కప్పుతుంది. పొట్టు వెయ్యకుండా వదిలేసిన పెట్టెలో గుడ్డు పెట్టే చోటే ఉండదు. అలాంటి ఖాళీ పెట్టెలు నేను ఈ చుట్టుపక్కల పార్కుల్లో ఎన్నో చూశాను.

ఆ పెట్టెను మేం చెరువు గట్టున ఒక చెట్టుకు బిగించాం. అది నేను చేసిన తప్పు. చదివాను, అయినా చేశాను. నేలలో ఇనుప గొట్టం పాతాలంటే ఇంకో వారం పడుతుంది, అప్పటికే మార్చి నెల, బాతులు వచ్చేస్తున్నాయి. ఏప్రిల్లో ఆడబాతు పెట్టెలోకి దూరడం చూసి నాన్న పొంగిపోయాడు. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గరే ఉండేవాడు. మే నెల మొదట్లో ఒక పొద్దున పెట్టె కింద ఈకలు. కన్నం అంచున ముదురు వెంట్రుకలు. తలుపు తీస్తే పెంకు ముక్కలు, ఎండిన సొన. రాత్రి రకూన్ అనే చిన్న అడవి జంతువు చెట్టెక్కి, చెయ్యి లోపలికి పెట్టి తల్లిని పట్టేసింది. పొదిగే బాతు ఆఖరి నిమిషందాకా గుడ్ల మీదనుంచి లేవదు. తొర్రలో పొదిగే బాతుకు ఉన్న తెగువ అది, దాని ప్రాణం తీసేదీ అదే.

నాన్న ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. "మనం పిలిచి చంపించినట్టయిందిరా" అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట నా చెవుల్లో ఉంది.

రకూన్ తప్పేం లేదు. దాని ఆకలి దానిది. కానీ అడవిలో తొర్ర ఎక్కడుందో అది వెతుక్కోవాలి, వెయ్యి చెట్లలో ఏదో ఒకటి. మనం పెట్టే పెట్టె చెరువు గట్టున, తల ఎత్తు మీద, అందరికీ కనిపించేలా ఉంటుంది. ఒకసారి అందులో తిండి దొరికితే రకూన్ ఇక ఏ పెట్టెనూ వదలదు, వరసగా చూసుకుంటూ పోతుంది. కాబట్టి అడ్డురేకు లేకుండా పెట్టెను చెట్టుకు కొట్టడం దయ కాదు. నున్నటి ఇనుప గొట్టం పాతాలి. పెట్టెకు కింద మూడడుగుల వ్యాసం ఉన్న రేకును గరాటును బోర్లించినట్టు బిగించాలి. రకూన్, పాము గొట్టం వెంట పైకొచ్చి ఆ రేకు కిందే ఆగిపోవాలి. పక్కన కొమ్మలేవీ వాలి ఉండకూడదు, దూకేస్తాయి. నీళ్ళలో పాతితే ఎంత వరదొచ్చినా పెట్టె నీటికి మూడు నాలుగడుగుల పైన ఉండాలి. రేకుకయ్యే ఖర్చు పెట్టెకయ్యే ఖర్చుతో సమానం. అందుకే చాలామంది అది ఎగ్గొడతారు. డబ్బు ఒక పెట్టెకే చాలితే ఒకటే పెట్టండి, రేకుతో పెట్టండి.

2019లో అదే పెట్టె, ఈసారి గొట్టం మీద, రేకుతో. జూన్ మొదటి వారంలో పదకొండు పిల్లలు దూకాయి. నేను వీడియో తీసి నాన్నకు పంపాను. ఊళ్ళో అందరికీ చూపించాడట.

ఆ వీడియో మా కాలనీ వాళ్ళు కూడా చూశారు. అక్కడినుంచి మొదలైంది ఏడో నంబరు పెట్టె కథ. 2021 వసంతంలో ఒక శనివారం పిల్లలూ పెద్దలూ కలిసి పదమూడు పెట్టెలు తయారుచేశారు. సాయంత్రానికల్లా చెరువు చుట్టూ నిలబెట్టేశారు, ముప్పై నలభై అడుగులకొకటి చొప్పున, తోరణం కట్టినట్టు. ఫొటోలు తీసుకున్నారు. నేనూ ఆ ఫొటోలో ఉన్నాను. చూడటానికి ఎంత బాగున్నాయో! ఒకదానికొకటి కనిపిస్తూ ఉండటమే వాటికి శాపమని అప్పటికి నాకు తెలియదు.

మనకు, ముఖ్యంగా గుంటూరు జిల్లాలో పెరిగినవాళ్ళకు, పక్షులంటే గుంపుగా గూళ్ళు పెట్టేవే. ఉప్పలపాడు చెరువులో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఒకే తుమ్మచెట్టు మీద ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని పిల్లల్ని సాకుతాయి. చెట్లు చాలక అక్కడ చెరువులో ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీదా కిక్కిరిసి గూళ్ళు పెట్టాయి. అక్కడ ఎన్ని నిలబెడితే అంత మంచిది, గుంపే వాటికి బలం. ఆ లెక్క నా తలలోనూ ఉంది. వుడ్ డక్‌కు ఆ లెక్క తిరగబడుతుంది. అది ఒంటరిగా, రహస్యంగా పొదిగే పక్షి.

ఇక్కడ ఆడబాతు స్వభావం ఒకటి తెలియాలి. అది పుట్టినచోటికే తిరిగొస్తుంది. అచ్చం మన ఆడపిల్ల పురిటికి పుట్టింటికొచ్చినట్టు. శీతాకాలంలో దక్షిణాన ఎక్కడో జత కుదురుతుంది. వసంతం రాగానే మగబాతు తన ఊరు వదిలేసి ఆడదాని వెంట దాని పుట్టింటికొస్తుంది, ఇల్లరికపు అల్లుడిలా. ఆ పెట్టెలో పుట్టిన ఆడపిల్లలు ఆ చెరువుకే వస్తాయి. వాటి కూతుళ్ళూ అక్కడికే. నాలుగేళ్ళు తిరిగేసరికి చెరువు చుట్టూ అక్కచెల్లెళ్ళు, పిన్నమ్మలు. ఏ పెట్టెలోకి ఎవరు దూరుతున్నారో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఒకదాన్ని చూసి ఇంకోటి దాని వెనకాలే వెళ్ళి, అదే పెట్టెలో తనూ ఒక గుడ్డు పెట్టి పోతుంది. పక్క పెట్టె ఖాళీగా ఉన్నా సరే.

మా అమ్మమ్మ కోడిపెట్టను పొదగేసేటప్పుడు గంపలో పదకొండో పదమూడో గుడ్లు పెట్టేది. అంతకు మించి రెక్కల కింద పట్టవని, పట్టనివి చల్లబడి మురిగిపోతాయని. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీసేది. ఇంకో కోడి వచ్చి ఆ గంపలో గుడ్డు పెడితే, గీత లేనిదాన్ని వెంటనే తీసేసేది. తీయకపోతే ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. ముందు పెట్టినవి పిల్లలైన రోజున తల్లి వాటిని తీసుకుని గంప దిగుతుంది, ఆలస్యంగా పెట్టినవి సగం పిల్ల కట్టి చచ్చిపోతాయి. వుడ్ డక్‌కు కూడా మామూలుగా పది పన్నెండు గుడ్లే. దాదాపు ముప్పై రోజుల పొదుగు. దానికి అమ్మమ్మ లేదు, బొగ్గు గీతలు లేవు. ఇరవై దాటితే అన్నిటికీ వేడి అందదు. లోపల ఇద్దరు కలబడితే గుడ్లు పగులుతాయి. విసిగిపోయి అసలు తల్లే వదిలేసి వెళ్ళిపోతుంది. మా అమ్మాయి ఐసు మీద పేర్చిన ముప్పై ఒకటీ అలా పోగుపడ్డవే. నలుగురో అయిదుగురో తల్లులు పెట్టినవి, ఎవరూ పొదగనివి.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1980ల్లో జీవశాస్త్రవేత్తలు బ్రాడ్ సెమెల్, కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ షెర్మన్, వాళ్ళ సహచరులు ఇల్లినాయ్ బాతుల మీదే చేసిన పరిశీలన. ఆరుబయట గుంపుగా పెట్టిన పెట్టెల్లో ఈ పరాయి గుడ్ల బెడద విపరీతం. చెట్ల మధ్య, దూరదూరంగా, ఒకదానికొకటి కనిపించకుండా పెట్టినవాటిలో అది తక్కువ, పిల్లలయ్యే గుడ్ల వంతు ఎక్కువ. అడవిలో తొర్రలు ఎలా ఉంటాయో అలా పెట్టండని వాళ్ళు చెప్పి నలభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ పార్కుల్లో తోరణాలే కనిపిస్తున్నాయి. ఎందుకంటే గట్టు మీద నడిచేవాళ్ళకు పెట్టె కనిపించాలి, దాతల పేరు చదవడానికి వీలుండాలి. బాతుకు కావలసింది మరుగు, మనకు కావలసింది కనబడటం. ఈ రెండింటిలో ఎవరి మాట నెగ్గాలో నాకైతే అనుమానం లేదు.

నన్ను కాదనేవాళ్ళు చరిత్ర తీస్తారు, పెట్టెలే ఈ బాతును బతికించాయని. వాళ్ళ మాటలో నిజముంది, దాన్ని తీసిపారెయ్యను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వుడ్ డక్ దాదాపు అంతరించిపోతుందనుకున్నారు. నదుల వెంట లోతట్టు అడవులు నరికేశారు, సంతల్లో అమ్మడానికి ఏడాది పొడుగునా కాల్చేశారు. 1918లో వలసపక్షుల రక్షణ చట్టం వచ్చింది. 1941 దాకా దేశమంతటా ఈ బాతు వేట పూర్తిగా ఆపేశారు. 1937లో మా ఇల్లినాయ్‌లోనే, హవానా అనే చిన్న ఊరి దగ్గర షటాక్వా వన్యప్రాణి శరణాలయంలో చెక్కపెట్టెలు వందలకొద్దీ పెట్టారు. ఫ్రాంక్ బెల్‌రోజ్, ఆర్ట్ హాకిన్స్ అనే ఇద్దరు కుర్ర శాస్త్రవేత్తలు ఆ పని వెంటపడ్డారు. పెట్టె పెడితే బాతు వస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే. నేనూ కుటుంబంతో ఆ శరణాలయానికి వెళ్ళొచ్చాను, ఇల్లినాయ్ నది పక్కన ఆ నీళ్ళ ముందు నిలబడితే నాకు గుడికి వెళ్ళినట్టే అనిపించింది.

అయితే ఆ చరిత్రను పూర్తిగా చదవాలి. బెల్‌రోజ్ పెట్టెలు పెట్టి చేతులు దులుపుకోలేదు. ఏళ్ళ తరబడి ఒక్కొక్క పెట్టె తెరిచి లెక్కలు రాశాడు. రకూన్‌లు తింటున్నాయని చూసి, వాటి తల పట్టకుండా బాతు పట్టేలా కన్నాన్ని మూడుకు నాలుగంగుళాల కోడిగుడ్డు ఆకారానికి మార్చింది ఆయనే. నాన్న ఉలితో చెక్కిన ఆ కన్నం వెనక ఉన్నది అన్నేళ్ళ చూపు. రెండో సంగతి, బాతును బతికించింది ఒక్క పెట్టె కాదు. వేట ఆగింది. నరికిన అడవులు మళ్ళీ ముదిరాయి. బొచ్చు కోసం చంపేసిన బీవర్లు తిరిగొచ్చి వాగులకు కట్టలు కట్టి మడుగులు నింపాయి. ఈ రోజుకీ వుడ్ డక్‌లలో ఎక్కువ భాగం పుడుతున్నది చెట్టు తొర్రల్లోనే, మన పెట్టెల్లో కాదు.

అందుకే నాకు ఒకసారి కాలనీ సమావేశంలో జరిగింది మింగుడుపడలేదు. చెరువు ఉత్తరపు మూలన ముసలి సిల్వర్ మేపుల్ చెట్టు ఒకటుండేది. మాను మధ్యలో పెద్ద తొర్ర. నేను అందులో ఒకసారి చిన్న గుడ్లగూబను, రెండు వసంతాలు వుడ్ డక్‌ను చూశాను. సగం ఎండిపోయింది, పడితే ప్రమాదమని కొట్టేశారు. దాని బదులు రెండు పెట్టెలు పెడతామని తీర్మానంలో రాశారు. దారివైపు వాలిన కొమ్మలు కొట్టేసి ఇరవై అడుగుల మొద్దును అలాగే ఉంచమని బతిమాలాను. చూడటానికి బాగుండదన్నారు. పెట్టె వల్ల జరిగే అసలు నష్టం ఇదేనని నా భయం. పెట్టె ఉంది కదా అన్న ధీమాతో తొర్ర ఉన్న చెట్టును నరికేస్తాం. ఆ చెట్టు వందేళ్ళు ఎవరూ శుభ్రం చెయ్యకుండానే పనిచేసింది. దాని బదులు పెట్టిన రెండు పెట్టెల్లో ఒకదానిలో గోరింకల్లాంటి స్టార్లింగులు గడ్డి కుక్కాయి, రెండోదానిలో కందిరీగలు చేరాయి.

ఇంకొందరంటారు, పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ కలగడానికైనా ఈ పెట్టెల కార్యక్రమాలు ఉండాలి కదా అని. ఉండాలి. నేను అడిగేదల్లా, ఆ పిల్లల్ని రెండోసారి కూడా తీసుకురమ్మని. మేకులు కొట్టిన రోజు పిల్లలకు ఒక ఆట. తర్వాత ఫిబ్రవరిలో తలుపు తీసినప్పుడు వాళ్ళు చూసేది వేరు. పిల్లలై వెళ్ళిపోయిన గూట్లో పొట్టు మధ్య గుడ్డు లోపలి పొరలు మిగులుతాయి, తోలులా ముడుచుకుని. ఒక్కో పొర ఒక్కో పిల్ల. సొన ఎండిన పెంకులుంటే రకూన్ వచ్చినట్టు. గుడ్లు పెట్టినట్టు గుర్తుండి పెంకుల్లేకుండా మాయమైతే పాము మింగినట్టు. ఇంకాస్త గుండ్రంగా, మరీ తెల్లగా, పెంకు మందంగా ఉన్న గుడ్డు దొరికితే అది హుడెడ్ మెర్గాన్సర్ అనే ఇంకో బాతుది. మా అమ్మాయి పదకొండేళ్ళది, ఇవన్నీ చదివి చెప్పేస్తుంది. కార్యక్రమం చేసినవాళ్ళు ఎన్ని పెట్టెలు పెట్టామో పత్రికకిస్తారు. ఎన్ని పొరలు దొరికాయో ఇచ్చిన ఒక్కరినీ నేను చూడలేదు. ఆ లెక్క అడగడం మొదలుపెడితే తోరణాలు వాటంతట అవే తగ్గుతాయి.

మన దేశంలోనూ తొర్రల్లో గుడ్లు పెట్టే బాతులున్నాయి. కాటన్ టీల్ అనే బుల్లిబాతు, ప్రపంచపు బాతుల్లో అతి చిన్నవాటిలో ఒకటి, దాని శాస్త్రీయనామంలోనే మన కోరమాండల్ తీరం ఉంది. ఊరి చెరువుల్లో తామరాకుల మధ్య తిరుగుతుంది, గట్టు మీది ముసలి చెట్ల తొర్రల్లో పొదుగుతుంది. చెరువుగట్టు మీద పుచ్చిన చెట్టు కనిపిస్తే కట్టెలకు కొట్టేముందు కాసేపు నిలబడి పైకి చూడమని ఊళ్ళో ఉన్న నా స్నేహితులకు చెబుతుంటాను. అక్కడ కూడా పెట్టెలు పెట్టండని మాత్రం చెప్పను. చెట్టు ఉన్నంతకాలం దాన్ని ఉంచడమే మేలు.

2024లో ఆ ముప్పై ఒక్క గుడ్ల ఫొటో చూపించాక మా కాలనీ వాళ్ళు కొంచెం మెత్తబడ్డారు. అన్నీ తీసేయమని నేను అడగలేదు. నాన్న పెట్టెతో కలిపి పద్నాలుగింట్లో పది తీయించాను. మిగిలిన నాలుగింటిలో రెండు చెరువుకు పడమట చెట్ల గుంపులోకి మార్చాం, నీళ్ళకు అరవై డెబ్బై అడుగుల దూరంలో, ఒకదానికొకటి కనబడకుండా. కన్నం నీళ్ళవైపు తిప్పి, పెట్టెను ఒక్క పిసరు ముందుకు వంచి. ఒకటి రెల్లు పొదల వెనక నీళ్ళలో. ఒకటి నాన్న చేసింది, ఉన్నచోటే. నాలుగింటికీ ఇనుప గొట్టం, రేకు. తీసేసిన పది పెట్టెల చెక్కతో అడుగులూ తలుపులూ బాగుచేశాం. కొందరికి ఇప్పటికీ కోపమే, ఖర్చుపెట్టి చేసినవి పీకించానని. నేను వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికీ విడిగా చెప్పాను. ఇద్దరు విన్నారు.

ఆ వసంతంలో గుడ్లున్నాయో లేదో చూడ్డానికి తలుపు తీయలేదు. పొదిగే రోజుల్లో గుడ్డు ముట్టుకోవడం చట్టప్రకారం తప్పు, తల్లిని బెదరగొట్టడం అంతకన్నా తప్పు. గట్టు మీద బల్ల దగ్గర కూర్చుని దుర్భిణితో చూశాం. ఏ పెట్టెలోకి ఎన్ని ఆడబాతులు దూరుతున్నాయో మా అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది.

2025 ఫిబ్రవరిలో మళ్ళీ ఐసు కొలిచి వెళ్ళాం. చెట్లలో ఉన్న రెండింటిలో ఒకటి ఖాళీ, పొట్టు వేసినది వేసినట్టే ఉంది. రెండోదానిలో తొమ్మిది పొరలు, చెడిన గుడ్డు ఒకటి. రెల్లు వెనక పెట్టెలో స్టార్లింగుల గడ్డి. నాన్న పెట్టె దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అమ్మాయి పొట్టంతా ఒక బకెట్లోకి వంపి, పొరలు ఏరి, తొడుగు మీద పెట్టుకుని లెక్కపెట్టింది. పన్నెండు. కొత్త పొట్టు నాలుగంగుళాలు పోసి తలుపు వేశాం. అక్కడినుంచే తెనాలికి వీడియో కాల్ చేసింది. అక్కడ రాత్రి పదకొండు, నాన్న నిద్రలోంచి లేచాడు.

"తాతయ్యా, నీ పెట్టెలో పన్నెండు!"

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. పొరలు చూపించమన్నాడు, చూశాడు. గాడులు అరిగాయా అని అడిగాడు. మధ్యలో రెండు మూడు అరిగాయని చెప్పాను. ఈ వేసవిలో ఉలితో మళ్ళీ లోతు చెయ్యమని, ఎంత లోతో వేలితో చూపించాడు. తర్వాత ఫోను పెట్టెకు దగ్గరగా తీసుకెళ్ళమన్నాడు.

"గడియ వేశావా? లాగి చూడు."

లాగి చూశాను.